డాలు మీది మూడు వరహాలు

రాతిమీది రాతను సాహిత్యంగా చదవడం తెలుగువాడికి కొత్త కాదు. నన్నయకు ముందు మన పద్యం ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే తాటాకులు చాలవు. అద్దంకి పండరంగని శాసనం దగ్గరికీ, బెజవాడ యుద్ధమల్లుని శాసనం దగ్గరికీ వెళ్ళాల్సిందే. అయితే మన పండితులు చదివినవి దానశాసనాలు, విజయశాసనాలు. చచ్చిపోయినవాడి మీద పెట్టిన రాయిని ఒక రచనగా ఎంచి, దాని బాగోగులు తూచిన విమర్శ మనలో బహు తక్కువ. కారణం తెలిసిందే. మనలో ఎక్కువమందికి సమాధే ఉండదు. బూడిదను గోదావరిలో కలిపేశాక రాయి పాతడానికి చోటెక్కడ?

వీరగల్లులు లేవా అని పల్నాటివారు అడగవచ్చు. ఉన్నాయి. కింద పోరు, నడుమ అప్సరసలు వీరుణ్ణి ఎత్తుకుపోవడం, పైన శివలింగం, ఆ పైన సూర్యచంద్రులు. చక్కటి రచన. కానీ చాలా వీరగల్లుల మీద మనిషి పేరే ఉండదు. వాడు చచ్చిన తీరు ముఖ్యం గాని, వాడు ఎవరి కొడుకో ముఖ్యం కాదు. ఇప్పుడు నేను చెప్పబోయే రాళ్ళు సరిగ్గా దీనికి తలకిందులు. వాటికి చచ్చిన తీరుతో పనిలేదు. ఎవరి కొడుకు, ఎవరి అల్లుడు, ఏ డాలు పట్టే హక్కు ఉన్నవాడు, అంతే కావాలి.

మనమున్న తావు చూడండి. పులికాట్ నుంచి భీమునిపట్నం దాకా సముద్రపుటొడ్డు పొడుగునా పరాయివాళ్ళు తమవాళ్ళ మీద పెట్టిపోయిన రాళ్ళు ఉన్నాయి. మన యానాం పక్కనే ఇంజరం, నీలపల్లి ఇంగ్లీషువాళ్ళ కొఠీలు. కాకినాడ జగన్నాథపురం, పాలకొల్లు, భీమిలి డచ్చివాళ్ళవి. బందరులో అందరూ ఉన్నారు. ఆ రాళ్ళలో చాలావాటి నెత్తిన ఒక బొమ్మ కనిపిస్తుంది. ఒక డాలు, డాలు మీద ఇనుప శిరస్త్రాణం, దాని వెనకనుంచి రెండు పక్కలా చీలికలై జారే గుడ్డ. ఆ చీలికలు చూసేవాడికి గుడి స్తంభం మీది లతల్లా కనిపిస్తాయి. ఇది కంపెనీ ముద్ర అని మనవాళ్ళు అనుకుంటారు. కాదు. అది ఆ మనిషి ఇంటి గుర్తు. వంశలాంఛనం అందాం. లాంఛనం అనే మాట మనకు పాతదే. వేంగీ చాళుక్యులకు వరాహ లాంఛనం ఉండేది, వాళ్ళ రాగిరేకుల ముద్రమీద వరాహమూ, కింద శ్రీత్రిభువనాంకుశ అన్న అక్షరాలూ ఉంటాయి. తేడా ఏమిటంటే మన లాంఛనం ఏలే వంశానికి, రాజ్యానికి. వాళ్ళది ఎకరాలున్న ప్రతి ఇంటికీ.

ఆ డాలును చదవడానికి ఒక వ్యాకరణం ఉంది. బంగారం, వెండి లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా వర్ణాలు. లోహం మీద లోహం, వర్ణం మీద వర్ణం పెట్టరాదు. యతిప్రాసల్లాగ ఇది కూడా మొదట అవసరంకోసం పుట్టి తర్వాత శాస్త్రమైంది. యుద్ధంలో దూరం నుంచి మనిషిని పోల్చుకోవాలంటే రంగు రంగులో కలిసిపోకూడదు గదా. డాలు కుడిపక్క అంటే చూసేవాడి కుడి కాదు, వెనక నిలబడి డాలు పట్టుకున్నవాడి కుడి. పాసుపుస్తకం మొదటిసారి చూసిన ఖాతాదారులు ఇలాగే తికమకపడతారు. మీకు జమ అయింది బ్యాంకుకు బాకీ. పుస్తకం ఎవరి వైపునుంచి రాశారన్నదే ప్రశ్న. పెళ్ళయితే మొగుడి గుర్తు కుడిసగంలో, పెళ్ళాం పుట్టింటి గుర్తు ఎడమసగంలో వేస్తారు. అన్నదమ్ములు లేక ఆస్తికి వారసురాలైన పిల్లయితే ఆమె డాలును చిన్నదిగా చేసి మొగుడి డాలు నడిబొడ్డున పెడతారు. అంటే ఇల్లరికపు కాగితం రాతిమీదే ఉందన్నమాట. ఆడవాళ్ళకు డాలు లేదు, కాజాబిళ్ళ ఆకారం ఇచ్చారు. యుద్ధానికి వెళ్ళరని.

ఇంగ్లండులో దీనికి ఒక ఆఫీసే ఉంది. 1484లో మూడో రిచర్డు రాజు పత్రమిచ్చి పెట్టిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్. 1530 నుంచి 1688 దాకా ఆ ఆఫీసు ఉద్యోగులు జిల్లాలు తిరిగి తనిఖీ చేసేవాళ్ళు. హక్కు లేకుండా డాలు పెట్టుకున్నవాణ్ణి పెద్దమనిషి కాడని నలుగురిలో చాటించి, దొంగ డాళ్ళను చెరిపించేవాళ్ళు. మా బ్యాంకు ఇన్స్పెక్షనుకు దీనికి పెద్ద తేడా లేదు, వాళ్ళు చచ్చినవాడి రాయి కూడా వదిలేవాళ్ళు కారన్నది తప్ప.

ఇంకొకటి ఉంది, హాచ్‌మెంట్ అంటారు. చతురస్రపు చెక్కను మూలమీద నిలబెట్టి దానిమీద డాలు చిత్రించి, ఆసామి పోయిన ఇంటి ముఖద్వారం మీద నెలల తరబడి వేలాడదీసి, ఆ తర్వాత పల్లె చర్చిలో గోడకు తగిలిస్తారు. మొగుడు పోయి పెళ్ళాం ఉంటే డాలు వెనక కుడిసగం నలుపు, ఎడమసగం తెలుపు. పెళ్ళాం పోతే అటుదిటు. బ్రహ్మచారి అయితే మొత్తం నలుపు. వంశం అంతటితో ఆఖరైతే ఒక కపాలం. అక్షరం రానివాడు కూడా ఆ ఇంట్లో ఎవరు పోయారో, ఎవరు మిగిలారో దూరం నుంచే చదువుకోవచ్చు. ఈ పద్ధతిలో నాకు నచ్చింది ఇదొక్కటే. దుఃఖాన్ని ఇంత పొదుపుగా చెప్పిన ప్రక్రియ మరొకటి నాకు తెలియదు. మన తెల్లచీర కూడా చెబుతుందనుకోండి, కానీ అది బతికున్న ఆవిడ మీద వేస్తారు. గోడమీద కాదు.

గోడకు తాపించిన పాలరాతి ఫలకాల సంగతి వేరు. పల్లెటూరి జమీందారుగారి ఫలకానికి ఒక మూస ఉంది. పైన డాలు, కింద పేరు, ఊరు, ఎవరి పుత్రుడు, ఎవరిని పెళ్ళాడాడు, ఎంతమంది సంతానంలో ఎందరు మిగిలారు. ఆ పైన గుణాలు. పేదలకు దాత, మిత్రులకు విశ్వాసపాత్రుడు, దేవుడికి భయపడేవాడు. లాటిన్‌లో ఉంటే ఇంకా ఘనం. ఊళ్ళోవాళ్ళకు అర్థం కానక్కర్లేదు, అర్థం కాలేదని తెలిస్తే చాలు. వరసగా ఒక పది ఫలకాలు చదివితే వీళ్ళలో ఒక్కడైనా కౌలురైతును వెళ్ళగొట్టాడా, ఒక్కడైనా దావా ఓడిపోయాడా అని అనుమానం వస్తుంది. మార్చి 31న ఆస్తి అప్పుల పట్టీ ఎలా ముస్తాబవుతుందో మా వృత్తిలో ఉన్నవాళ్ళకు తెలుసు. అంకెలు అబద్ధం కావు. ఏది ఏ పద్దు కింద చూపాలో ఎంచుకుంటాం, అంతే. ఫలకం కూడా అంతే. అందుచేత దాన్ని చదివే విమర్శకుడు ఉన్న మాటల కంటె లేని మాటల కోసం వెతకాలి.

ఒక్క మనిషిని తీసుకుందాం. మనకు సంబంధం ఉన్నవాణ్ణే. థామస్ పిట్ 1653లో డోర్సెట్‌లో బ్లాండ్‌ఫర్డ్ సెయింట్ మేరీ అనే పల్లెలో, ఆ ఊరి చర్చి గురువుగారి కొడుకుగా పుట్టాడు. కుర్రతనంలో ఈస్టిండియా కంపెనీ గుత్తాధికారాన్ని లెక్కచేయకుండా మన తీరాల్లో సొంత వర్తకం చేశాడు. కంపెనీ అతనిమీద కేసులు వేసింది. చివరికి ఆ కంపెనీయే అతణ్ణి 1698లో చెన్నపట్నం కోటకు గవర్నరుగా పంపింది. 1709 దాకా ఉన్నాడు. 1707లో కుడి ఎడమ కులాల తగాదా రేగినప్పుడు ఎవరు ఏ వీధిలో ఉండాలో గిరిగీసింది ఇతనే. చెన్నపట్నం తెలుగువాళ్ళలో వర్తక కులాలవాళ్ళకు ఆ తగాదా తగలకుండా పోలేదు.

అతని వంశపు డాలు వర్ణన ఇది. నల్లటి నేల. నడుమ అడ్డంగా వెండి, నీలం గళ్ళ పట్టీ. పట్టీకి పైన రెండు, కింద ఒకటి, మొత్తం మూడు బంగారు బిళ్ళలు. ఆ బిళ్ళలకు బెజంట్లని పేరు. బైజాంటియం నాణేలని అర్థం. గళ్ళ పట్టీ అంటే పూర్వం ఇంగ్లండు ఖజానాలో లెక్కలు చూడటానికి బల్లమీద పరిచిన గళ్ళగుడ్డను గుర్తుచేసేది. ఎక్స్‌చెకర్ అన్న మాటే దాన్నుంచి వచ్చింది. ఎలిజబెత్ రాణి కాలంలో ఆ వంశంలో ఒకడు ఖజానాలో గుమాస్తాగిరీ చేశాడు. అంటే ఇది కత్తి పట్టినవాళ్ళ డాలు కాదు, కవిలె కట్టినవాళ్ళ డాలు. సింహాలూ డేగలూ కిక్కిరిసిన ఆ లోకంలో లెక్కల బల్ల, మూడు నాణేలు చూస్తే నా వృత్తివాడికి ప్రాణం లేచివస్తుంది.

చెన్నపట్నంలో ఉండగా పిట్ ఒక వజ్రం కొన్నాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలోదని ఎక్కువమంది అంటారు, పరిటాలది అనేవాళ్ళూ ఉన్నారు. సానపట్టకముందు 410 క్యారెట్లు. జాంచంద్ అనే వర్తకుడు మొదట 2 లక్షల వరహాలు చెప్పాడు. బేరం తెగేసరికి 48,000 వరహాలు. ఇంగ్లీషు లెక్కలో సుమారు 20,400 పౌన్లు. 1702లో కొడుకు రాబర్టు చేతికిచ్చి పంపించాడు. అక్కడ రెండేళ్ళు కోస్తే మిగిలింది 140 క్యారెట్ల చిల్లర. కొనేవాడు దొరకడానికి 1717 దాకా పట్టింది. ఫ్రాన్సును బాలరాజు పేర పాలిస్తున్న ఓర్లియాన్స్ ప్రభువు సుమారు 1,35,000 పౌన్లకు కొన్నాడు. అందుకే దానికి రీజెంట్ వజ్రమని పేరు. ఆ సంవత్సరమే పిట్ కార్న్‌వాల్‌లో బొకొనాక్ ఎస్టేటు కొన్నాడు. అతని మనవడు ప్రధానమంత్రి అయ్యాడు, మునిమనవడూ అయ్యాడు. మనం పాఠాల్లో చదువుకున్న 1784 పిట్స్ ఇండియా చట్టం ఆ మునిమనవడిదే.

ఈ వజ్రం మీద నాలుగు రచనలు ఉన్నాయి. నాలుగూ పక్కపక్కన పెట్టి చదవాలని నా మనవి.

మొదటిది పిట్ స్వయంగా రాసిన వాంగ్మూలం. గనిలో ఒక బానిస ఆ రాయిని పిక్కలో గాయం చేసుకుని కట్టులో దాచాడనీ, దాన్ని తీసుకున్న ఓడ కెప్టెన్ వాణ్ణి సముద్రంలోకి తోశాడనీ ఒక కథ ఊళ్ళు తిరిగింది. గవర్నరే దౌర్జన్యంగా లాక్కున్నాడని కూడా అన్నారు. తిరుగుదారిలో 1710 జులైలో, నార్వేలోని బెర్గెన్‌లో కూర్చుని, దేవుడి సాక్షిగా నేను న్యాయంగా కొన్నానని అతను రాసిపెట్టాడు. రోజువారీ బేరం అందులో ఉంది. ఎవడు ఎంత చెప్పాడు, ఎవడు లేచిపోయాడు, మళ్ళీ ఎప్పుడు వచ్చాడు. రచనగా నాలుగింటిలోనూ ఇదే మేలు. భయపడ్డ మనిషి రాసిన వాక్యాలకు ఉండే బిగువు దానికి ఉంది.

రెండోది శిలాలేఖనం. సాల్స్‌బరీ పక్కన స్ట్రాట్‌ఫర్డ్-సబ్-కాసిల్ అనే పల్లెలో చర్చి గోపురాన్ని పిట్ తిరిగి కట్టించాడు. గోపురం నుదుటిమీద, ఊరంతా చదివేటంత పెద్ద అక్షరాల్లో తన పేరు, దాత అన్న మాట, 1711 అన్న సంవత్సరం. మన గుళ్ళో ఫ్యాను రెక్కమీద దాతగారి పేరు తిరుగుతుంటే నవ్వుకుంటాం గదా, ఇంగ్లండులో ఆ ఫ్యాను రాతితో కట్టారు. కానీ తేదీ చూడండి. 1711 నాటికి వజ్రం అమ్ముడుపోలేదు. మనిషి ఆస్తిలో పెద్ద వాటా ఒకే ఒక్క రాయిలో ఇరుక్కుని ఉంది. పైగా ఆ రాయిమీద దొంగసొత్తన్న పుకారు. వాంగ్మూలం రాసిన మరుసటి ఏడే ఈ గోపురం లేచింది. ఇది భక్తి మాత్రమేనని నేను నమ్మను. పరపతి కోసం పెట్టిన ఖర్చు. అప్పు కావలసిన ఆసామి బ్యాంకుకు వచ్చేముందు ఇంటికి వెల్ల వేయిస్తాడు.

మూడోది చరమోపన్యాసం. పిట్ 1726లో పోయాడు. సొంతూరు బ్లాండ్‌ఫర్డ్ సెయింట్ మేరీ చర్చిలో పూడ్చారు. ఆ రోజు ప్రసంగించిన గురువుగారు కూడా వజ్రం సంగతి ఎత్తక తప్పలేదు, నిర్దోషి అని వాదించాల్సి వచ్చింది. శవం పక్కన నిలబడి ఒక కొనుగోలు రసీదును సమర్థించడం ఎంత ఇబ్బందో ఊహించండి. నాలుగోది కవిది. పోప్ 1733లో అచ్చైన తన పద్యలేఖలో, నిద్రపోతున్న ఇండియావాడి దగ్గర వజ్రం కాజేసిన నిజాయితీపరుడైన గుమాస్తా అంటూ పేరు పెట్టకుండా ఎత్తిపొడిచాడు. లోకం మరిచిపోనిది ఈ నాలుగోదాన్నే. రెండు పాదాల ముందు గోపురం నిలవలేదు.

అయితే నా అభియోగం పోప్ అభియోగం కాదు. పిట్ దొంగిలించాడని నేను అనను. బేరం జరిగినట్టే ఉంది. కొల్లూరు గనిలో దాదాపు 60,000 మంది మగా ఆడా పిల్లాజెల్లా పనిచేస్తున్నారని ఫ్రెంచి నగల వర్తకుడు తవర్నియే రాశాడు. గని అన్న మన మాటే ఆయన పుస్తకంలో ఊరిపేరుగా పడింది. ఈ 60,000 మందిలో ఒక్కడు కూడా పై నాలుగు రచనల్లోనూ మనిషిగా కనిపించడు. కట్టుకథలో బానిసకైనా ఒక పిక్క, ఒక గాయం ఉన్నాయి. చరిత్రలో అవీ లేవు. కొల్లూరు ఊరు సైతం ఇప్పుడు పులిచింతల జలాశయం అడుగున ఉంది. స్ట్రాట్‌ఫర్డ్ గోపురం మీద అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక మన తీరానికి వద్దాం. బందరులోనూ పులికాట్‌లోనూ ఉన్న డచ్చి సమాధులు నేను ఉద్యోగరీత్యా అటు ఉన్న రోజుల్లో తీరిగ్గా చూశాను. రెండూ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. పులికాట్ సమాధుల తోటకు ద్వారంలో రెండు పక్కలా రాతి అస్థిపంజరాలు కాపలా. అలెగ్జాండర్ రే 1897లో అచ్చువేసిన పుస్తకంలో ఈ రాళ్ళన్నిటి బొమ్మలూ రాతలూ దించి పెట్టాడు. చెయ్యి తిరిగిన పని. ఉప్పుగాలికి రాతిమీద అరిగినవి ఆ కాగితం మీద చదువుకోవచ్చు.

హాలండులో ఇంగ్లండులా లాంఛనాల తనిఖీ లేదు. రొట్టెలవాడైనా వడ్రంగైనా తనకు తోచిన డాలు పెట్టుకోవచ్చు. అందుచేత ఇక్కడి డచ్చి రాళ్ళమీద డాలుకూ వృత్తికీ పేచీ లేదు. పైన శిరస్త్రాణం, లతలు, డాలు. కింద ఉబ్బెత్తు అక్షరాల్లో ఫలానావాడు, కంపెనీవారి వర్తకుడు, లేదా పెద్ద వర్తకుడు. ఇన్నేళ్ళ ఇన్ని నెలల ఇన్ని రోజుల వయసులో పోయాడు. వడ్డీ కట్టేటప్పుడు మేం వేసే లెక్కలాగ, ఒక్క రోజు కూడా వదలరు. నాకు ఈ రాళ్ళు ఇంగ్లీషు జమీందారు ఫలకాల కంటె మెరుగైన రచనలు. గుణవర్ణన తక్కువ. ఇంగ్లీషువాడు చెన్నపట్నంలో సంపాదించి, కార్న్‌వాల్‌లో ఎకరాలు కొని, ఆ ఎకరాల వెనక అంగడిని దాచేస్తాడు. డచ్చివాడు అంగడిని డాలు కిందనే రాసుకున్నాడు. సిగ్గుపడలేదు.

ఈ మెప్పుకు ఒక హద్దు పెట్టాలి. ఏ సరుకు వర్తకుడో రాయి చెప్పదు. పులికాట్ నుంచి అద్దకపు గుడ్డలూ పోయాయి, పదిహేడో శతాబ్దంలో కరువులప్పుడు అమ్ముడుపోయిన మనుషులూ ఓడలెక్కి బటావియాకు పోయారు. ఎక్కినవాళ్ళలో తెలుగువాళ్ళు ఉండకపోతారా? ప్రళయకావేరి ఒడ్డు అది. ఆ ఒడ్డు తెలుగును స.వెం. రమేశ్‌గారు ‘ప్రళయకావేరి కతలు’లో పట్టి ఇచ్చారు. తమిళనాట బతుకుతున్న మనవాళ్ళకు ఆ పుస్తకం సంగతి నేను చెప్పనక్కర్లేదు. సమాధుల తోటకు ఆ కతలకు మధ్య దూరం ఎంతో లేదు. ఒక గట్టున పేరూ డాలూ నెలలూ రోజులూ ఉండి చదివేవాడు లేడు. ఇంకో గట్టున మాట ఉంది, ఆ మాటను బడిలో నేర్పేవాడు లేడు. 1824 ఒప్పందం మేరకు మరుసటి ఏడు డచ్చివాళ్ళు ఈ తీరం ఇంగ్లీషువాళ్ళకు ఒప్పజెప్పి పోయారు. అప్పటినుంచి ఆ రాళ్ళమీది భాష ఆ ఊళ్ళో ఎవరికీ ఇంటిభాష కాదు. అక్షరం చదవలేని మాబోటివాళ్ళకు డాలు ఒక్కటే చూడటానికి మిగిలింది. అందులో సింహముంటే సింహం, చెట్టుంటే చెట్టు. చదువురానివాడికోసం పుట్టిన గుర్తు చివరికి చదువురానివాడి చేతికే వచ్చింది.

రాళ్ళకు విలువ కట్టే పని ఒక్కొక్కప్పుడు కోర్టులకు కూడా పడుతుంది. చెన్నపట్నం లా కాలేజీ ఆవరణలో గవర్నరు ఎలీహూ యేల్ పసికొడుకు డేవిడ్‌దీ, జోసెఫ్ హిన్మర్స్‌దీ సమాధి ఉంది. కార్లు నిలిపే కట్టడానికి అడ్డమవుతోందని దాన్ని అక్కడినుంచి తరలించమని 2023లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఉత్తర్వు ఇచ్చారు. పురావస్తువుగా గాని కళగా గాని దానికి విలువ లేదని తీర్పులో అన్నారు. అప్పీళ్ళ సంగతి అలా ఉంచండి. సాహిత్య విమర్శ చేయవలసిన పని పార్కింగు వివాదంలో జరగడం నాకు వింతగా తోచింది. అందంగా ఉన్న సమాధినే ఉంచాలంటే మన ఊళ్ళలో ఎన్ని మిగులుతాయి?

ఇంతకీ మొదట పేరులో పెట్టిన వరహాల సంగతి. పిట్ డాలుమీది బిళ్ళలు బైజాంటియం నాణేలు. వజ్రానికి ఇచ్చినవి వరహాలు. డాలు పాతది, వజ్రం తర్వాతది. అందుచేత ఈ పొత్తు కాకతాళీయమే, కవిత్వం కాదు. అయినా తెలుగు కన్ను దాన్ని దాటి పోలేదు. వరహా అన్న పేరే ఒక లాంఛనం. మన రాజరాజ నరేంద్రుడి బంగారు నాణెం నడుమ వరాహమే ఉంటుంది. విజయనగరమూ ఆ లాంఛనాన్నే ఎత్తుకుంది. తర్వాత టంకశాలలు మారాయి, నాణెం మీద బొమ్మలు మారాయి. ఇంగ్లీషువాళ్ళు పగోడా అన్నారు. మన నోట్లో మాత్రం వరహా వరహాగానే ఉండిపోయింది. డాలు మీద వేసుకున్నవాళ్ళకు బెజంట్ ఇప్పుడు నిఘంటువు మాట. ఏ రాతిమీదా వేయించుకోని మనకు అది పిల్లల పేరు.

మనవాళ్ళు నోరున్నవాళ్ళని అనడం లేదు. దానశాసనంలో కూడా బిరుదులు ఒక పేజీ, భూమి హద్దులు ఒక పేజీ, దాన్ని దున్నినవాళ్ళు ఎక్కడా లేరు. చివర మాత్రం దానం చెరిపినవాడు 60,000 ఏళ్ళు పురుగై పుడతాడన్న శాపం ఉంటుంది. ఇంగ్లీషు జమీందారు చట్టాన్ని నమ్ముకున్నాడు, మన రాజు పురుగును నమ్ముకున్నాడు. రచనగా పురుగే నాకు నచ్చుతుంది. ఇవాళ ఉన్నది రేపు ఎవడో లాగేసుకుంటాడని ఒప్పుకున్న మాట అది. జమీందారు ఫలకంలో ఆ భయం కనిపించదు, అందుకే అది చప్పగా ఉంటుంది.

యానాం దగ్గరికి వస్తే లెక్క ఇంకో రకం. ఫ్రెంచివాళ్ళు ఇక్కడ 1723లో అడుగు పెట్టేనాటికి కొల్లూరు వజ్రం పదిహేనో లూయీ కిరీటంలో ఉంది. 1722లో పట్టాభిషేకానికి అందులో పొదిగారు. మన జెండా ఆ రాజుది, ఆ రాజు నెత్తిన మన కృష్ణ ఒడ్డు రాయి. 1790 జూన్ 19న పారిస్‌లో జాతీయసభ వంశపారంపర్య బిరుదులనూ లాంఛనాలనూ రద్దు చేసింది. ఇంగ్లండులో దొంగ డాళ్ళను చెరిపితే ఫ్రాన్సులో అసలు డాళ్ళనే చెరిపారు. ఆ తర్వాత మూడేళ్ళకే యానాం ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయి, 1814 ఒడంబడిక తర్వాత గాని తిరిగి రాలేదు. విప్లవం మనకు జీవోల రూపంలోనే అందింది. 1887లో ఫ్రెంచి రిపబ్లిక్కు రాజనగలను వేలం వేసినప్పుడు రీజెంట్ వజ్రాన్ని అమ్మకుండా లూవ్ర్ మ్యూజియానికి ఉంచుకున్నారు. 2025 అక్టోబరులో అక్కడ దొంగలు పడి నగలెత్తుకుపోయినా దీన్ని మాత్రం ముట్టుకోలేదు. లాంఛనాలు పోయాయి, రాయి నిలిచింది. 1954 దాకా ఆ దేశపు జెండా కింద ఉన్న మనకు ఆ రాయిమీద ఏ హక్కూ లేదు, అడగడం లేదు కూడా. కింద అట్టమీద ఏం రాశారో చదివి, కొల్లూరు పేరు ఉందో లేదో చూసి రమ్మని మాత్రం పారిస్ వెళ్ళే యానాంవాళ్ళకు చెబుతుంటాను.

మా వృత్తిలో ఒక కార్డు ఉంటుంది. ఖాతాదారు సంతకం దానిమీద తీసుకుంటాం. సంతకం రానివాళ్ళది నిశానీ. తండ్రి పేరు గాని డాలు గాని అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు చాలు. ఈ గుర్తును పక్కవాడు పెట్టుకోలేడు, తనిఖీకి హెరాల్డులు రానక్కర్లేదు, చచ్చాక ఎవరికీ సంక్రమించదు. వరహాలు, వరహాలమ్మ అనే పేర్లు ఉన్న కార్డులు ఈ గోదావరి జిల్లాల బ్రాంచీల్లో ఎన్ని చూశానో చెప్పలేను. చాలావాటి మీద ఉన్నది వేలిముద్రే. మగవాళ్ళకు ఎడమ బొటనవేలు, ఆడవాళ్ళకు కుడి.